మూడో వాక్యం లేని లేబుల్: మొక్కల స్టెరాల్‌లు, కొలెస్ట్రాల్, గుండె

బవేరియాను ఏలిన నాలుగో విల్‌హెల్మ్, ఆయన తమ్ముడు పదో లుడ్విగ్ 1516 ఏప్రిల్ 23న డాన్యూబ్ ఒడ్డునున్న ఇంగోల్‌స్టాట్ నగరంలో ఒక శాసనం వెలువరించారు. బీరులో బార్లీ, హాప్ పువ్వులు, నీరు తప్ప మరేదీ కలపరాదన్నది అందులోని ముఖ్యాంశం. ఏ కాలంలో ఏ ధరకు అమ్మాలో కూడా అందులోనే ఉంది. ఆహార చట్టాల చరిత్ర చెప్పేవారు ఈ శాసనాన్ని తలచుకోకుండా ఉండరు. దాని గొప్పతనం క్లుప్తతలో ఉంది. అది పదార్థంలో ఏముండాలో చెప్పింది, ధర చెప్పింది, అక్కడితో ఆగింది. తాగినవాడి ఆరోగ్యం ఏమవుతుందన్న వాగ్దానం జోలికి పోలేదు.

ఐదు శతాబ్దాల తరవాత అదే ఊరి సూపర్‌మార్కెట్‌లో, వెన్న, మార్జరీన్ అమ్మే చల్లని అరలో, మరో రకం రాత కనిపిస్తుంది. మామూలు మార్జరీన్ కంటే ఎక్కువ ధర పలికే కొన్ని డబ్బాల మీద, కలిపిన పదార్థం పేరుతో పాటు దానివల్ల కలిగే మేలు కూడా అచ్చయి ఉంటుంది. ఆ పదార్థం మొక్కల స్టెరాల్. ఐరోపా సమాఖ్య అనుమతించిన ఆ ప్రకటనలో ప్రధానంగా రెండు వాక్యాలు ఉంటాయి. మొక్కల స్టెరాల్‌లు రక్తంలో కొలెస్ట్రాల్‌ను తగ్గిస్తాయని రుజువైంది, ఇది మొదటిది. అధిక కొలెస్ట్రాల్ గుండె రక్తనాళాల జబ్బుకు దారితీసే కారణాల్లో ఒకటి, ఇది రెండోది.

రెండూ నిజాలే. కాని కొనుక్కునే మనిషి ఈ రెండింటి కోసం డబ్బు పెట్టడు. వాటి నుంచి తన మనసులో పుట్టే మూడో వాక్యం కోసం పెడతాడు: ‘ఇది తింటే నాకు గుండెపోటు రాదు.’ ఆ వాక్యం డబ్బా మీద ఎక్కడా లేదు. దాన్ని అచ్చు వేయడానికి కావలసిన రుజువు లేదు కాబట్టి చట్టం ఒప్పుకోదు. రాయకుండానే చదివించగలగడం ఈ రాత నేర్పు. కవిత్వంలో అది గుణం. గుండెకు సంబంధించిన వ్యవహారంలో దాన్ని నిలదీసి చూడవలసి ఉంటుంది.

పేగులో జరిగేది

జంతు కణాల పొరలకు కొలెస్ట్రాల్ ఎలాంటిదో, మొక్కల కణాల పొరలకు స్టెరాల్‌లు అలాంటివి. సిటోస్టెరాల్, కాంపెస్టెరాల్, స్టిగ్మాస్టెరాల్ వీటిలో ముఖ్యమైనవి. నిర్మాణంలో ఇవి కొలెస్ట్రాల్‌కు దాయాదులు. సిటోస్టెరాల్‌కూ కొలెస్ట్రాల్‌కూ ఉన్న తేడా పక్కకు సాగిన గొలుసులో రెండు కర్బన పరమాణువులు ఎక్కువ ఉండటమే. ఈ స్టెరాల్‌లలో ఉన్న ఒక జంటబంధాన్ని హైడ్రోజన్‌తో నింపితే వచ్చేవి స్టానాల్‌లు.

సబ్బు నీళ్లలో జిడ్డు కలిసినట్టుగా, పైత్యరసంలోని లవణాలు కొవ్వును అతి సన్నని తునకలుగా చుట్టి పేగులోని నీటిలో తేలేలా చేస్తాయి. వీటిని మిసెల్లులంటారు. వాటిలో చోటు పరిమితం. మొక్కల స్టెరాల్ ఎక్కువగా వస్తే కొలెస్ట్రాల్‌ను తోసి తాను కూర్చుంటుంది. చోటు దొరకని కొలెస్ట్రాల్ మలంతో పోతుంది. ప్రధానంగా ఇదీ జరిగేది.

ఇక్కడ శాకాహారులకు ఒక సందేహం రావడం సహజం: తిండిలో కొలెస్ట్రాలే లేనప్పుడు తోసేయడానికి ఏముంది? పేగులోకి రోజూ చేరే కొలెస్ట్రాల్‌లో తిండి వాటా తక్కువ. అధిక భాగం కాలేయం పైత్యరసం ద్వారా పంపేది. అందులో దాదాపు సగం మళ్లీ పేగు గోడ గుండా రక్తంలోకి చేరుతుంది. ఆ తిరుగు ప్రయాణాన్నే స్టెరాల్‌లు అడ్డుకుంటాయి. అందువల్ల ముద్దపప్పు, నెయ్యి లేని అన్నం తినేవాడిలోనూ ఇవి పనిచేస్తాయి.

దాయాదికి మాత్రం అంత సులభంగా ఇంట్లోకి ప్రవేశం లేదు. పేగు కణాలలోకి కొలెస్ట్రాల్‌నూ మొక్కల స్టెరాల్‌నూ చేర్చే ద్వారం ఒకటే. దాని గుట్టు 2004లో తెలిసింది. ఎజెటిమైబ్ అనే మందు మూసేది ఆ ద్వారాన్నే. కాని లోపలికి వచ్చిన మొక్కల స్టెరాల్‌ను ఏబీసీజీ-5, ఏబీసీజీ-8 అనే జంట ప్రోటీన్లు వెంటనే బయటికి నెట్టేస్తాయి. అందుకే తిన్న సిటోస్టెరాల్‌లో అయిదు శాతానికి లోపే రక్తంలోకి చేరుతుంది. స్టానాల్‌లు ఇంకా తక్కువ. శరీరం ఇంత పట్టుదలగా ఒక పదార్థాన్ని బయటికి పంపుతోందన్న విషయం ఈ చర్చలో మళ్లీ ప్రస్తావనకు వస్తుంది.

మందుగా మొదలై వెన్నడబ్బా చేరిన కథ

1951లో పీటర్సన్ అనే శాస్త్రవేత్త కోళ్లకు కొలెస్ట్రాల్‌తో పాటు సోయా స్టెరాల్‌లు పెడితే వాటి రక్తంలో కొలెస్ట్రాల్ పెరగలేదని చూపాడు. 1953లో పొల్లాక్ అదే ఫలితాన్ని మనుషుల్లో చూశాడు. తరవాత అమెరికాలో ఎలై లిలీ సంస్థ సైటెల్లిన్ అనే పేరుతో దీన్ని మందుగా అమ్మింది. ఆ స్టెరాల్ నీటిలోనూ నూనెలోనూ సరిగా కరగని పొడి. ఫలితం రావాలంటే గ్రాముల కొద్దీ మింగాలి. రుచించేది కాదు. స్టాటిన్‌ల యుగం మొదలవకముందే, 1982లో, అది అంగడి నుంచి తప్పుకుంది.

దాన్ని మళ్లీ బతికించింది ఫిన్లండ్. స్టానాల్‌ను కొవ్వు ఆమ్లంతో కలిపి ఎస్టర్‌గా మారిస్తే నూనెలో చక్కగా కరుగుతుందని రైసియో సంస్థ రసాయనజ్ఞుడు ఇంగ్మార్ వెస్టర్ కనిపెట్టాడు. గుండెజబ్బు మరణాలకు పేరుమోసిన ఉత్తర కరేలియా ప్రాంతంలో తాతు మియెత్తినెన్ బృందం 153 మందిపై ఏడాది పాటు పరీక్ష జరిపింది. ఆ మార్జరీన్ తిన్నవారిలో మొత్తం కొలెస్ట్రాల్ సుమారు 10 శాతం, ఎల్‌డీఎల్ సుమారు 14 శాతం తగ్గాయి. 1995 నవంబరులో ఆ ఫలితం న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. ఆ ఏడాదే బెనెకోల్ ఫిన్లండ్ అంగళ్లకు చేరింది. యూనిలీవర్ తయారీకి ఐరోపా సంఘం 2000 జులైలో కొత్తరకం ఆహారంగా అనుమతి ఇచ్చింది. జర్మనీలో అది బెసెల్ ప్రోఆక్టివ్ పేరుతో అందరికీ పరిచయమైంది.

ఈ కథలో గమనించవలసిన మలుపు ఒకటుంది. పొడి రూపంలో మందుగా ఉన్నది, ఎస్టర్ రూపంలో ఆహారమయింది. రూపం మారడంతో దాన్ని అడిగే ప్రశ్న కూడా మారింది. మందును అడిగే ప్రశ్న చివరికి ఒకటే: దీనివల్ల రోగి ఎక్కువ కాలం బతుకుతాడా, జబ్బు పడకుండా ఉంటాడా? ఆహారాన్ని అడిగేది: ఇది హాని లేనిదేనా, చెప్పిన కొలత మారుతుందా? స్టెరాల్ మార్జరీన్ రెండో రకం పరీక్షలో నెగ్గింది. మొదటి రకం పరీక్షకు ఎన్నడూ కూర్చోలేదు.

మొదటి వాక్యం బలం

విమర్శ న్యాయంగా ఉండాలంటే ముందు ఉన్న మేలును ఒప్పుకోవాలి. రోజుకు ఒకటిన్నర నుంచి 2.4 గ్రాముల స్టెరాల్‌కు ఎల్‌డీఎల్ 7 నుంచి 10 శాతం, 2.5 నుంచి 3 గ్రాములకు 10 నుంచి 12.5 శాతం తగ్గుతుందని ఐరోపా నియమాలు ఒప్పుకున్నాయి. ఈ తగ్గుదల రెండు మూడు వారాల్లోనే కనిపిస్తుంది. ఎన్నో దేశాల్లో ఎన్నోసార్లు జరిగిన పరీక్షల్లో ఇదే వచ్చింది. పోషకాహార శాస్త్రంలో ఇంత నిలకడగల ఫలితాలు అరుదు.

దీనికి హద్దులూ ఉన్నాయి. కొలెస్ట్రాల్ తగ్గిందని గ్రహించిన కాలేయం సొంత ఉత్పత్తిని పెంచుతుంది కనుక, మూడు గ్రాములు దాటాక పెద్ద ప్రయోజనం ఉండదు. భోజనంతో పాటు తినకపోతే ఫలితం తగ్గుతుంది. మానేస్తే కొద్ది వారాల్లో పాత అంకె తిరిగి వస్తుంది. స్టాటిన్‌లు ఎల్‌డీఎల్‌ను రకాన్ని, మోతాదును బట్టి 30 నుంచి 50 శాతం దాకా తగ్గిస్తాయి. ఆ పక్కన పెడితే స్టెరాల్ బలం చిన్నదే. అయితే స్టాటిన్ మోతాదును రెట్టింపు చేసినా అదనంగా తగ్గేది సుమారు ఆరు శాతమే. ఆ లెక్కన, స్టాటిన్ వాడుతున్నవారికి పైపెచ్చుగా స్టెరాల్ ఇచ్చే పది శాతం తీసిపారేయదగినది కాదు.

అంకె తగ్గితే జబ్బు తగ్గినట్టేనా?

రెండో వాక్యం గురించి ఈనాడు వివాదం లేదు. 1994లో స్కాండినేవియా దేశాల్లో 4,444 మంది గుండె రోగులపై జరిగిన సిమ్వస్టాటిన్ పరీక్షలో మరణాలే 30 శాతం తగ్గాయి. పేగు ద్వారాన్ని మూసే ఎజెటిమైబ్‌ను కూడా అదే ప్రశ్న అడిగారు. 18,000 పైచిలుకు రోగులను ఏళ్ల తరబడి గమనించిన పరీక్ష ఫలితం 2015లో వచ్చింది. స్టాటిన్ ఒక్కటే వాడినవారిలో 34.7 శాతం మందికి, ఎజెటిమైబ్ కూడా కలిపినవారిలో 32.7 శాతం మందికి గుండెపోటు వంటి ప్రమాదాలు వచ్చాయి. చిన్న మేలే, కాని రుజువైన మేలు.

చిక్కు మూడో వాక్యంతో వస్తుంది. కొలత బాగుపడటం, మనిషి బాగుపడటం ఒకటి కావని వైద్యశాస్త్రం ఎక్కువ మూల్యం చెల్లించి నేర్చుకుంది. టోర్సెట్రాపిబ్ అనే మందు మంచి కొలెస్ట్రాల్‌ను 72 శాతం పెంచింది, చెడు కొలెస్ట్రాల్‌ను సుమారు 25 శాతం తగ్గించింది. ప్రయోగశాల కాగితం మీద అంతకంటే అందమైన మందు లేదు. 15,000 మందిపై పరీక్షిస్తే ఆ మందు తీసుకున్నవారిలోనే మరణాలు ఎక్కువయ్యాయి. 2006 డిసెంబరులో పరీక్షను అర్ధాంతరంగా ఆపవలసి వచ్చింది. కొలత మెరుగుపరచిన మందే వేరే దారిలో, రక్తపోటును పెంచడం వంటి వాటితో, హాని చేయగలదని ఆ అనుభవం చూపింది.

స్టెరాల్ పక్షాన చెప్పదగిన మాట కూడా ఉంది. ఎల్‌డీఎల్‌ను తగ్గించే మార్గాలు వేరైనా, ఎంత తగ్గిందన్నదాన్ని బట్టి మేలు ఉంటుందని అనేక పరీక్షల సారం. ఎల్‌డీఎల్ సుమారు 39 మిల్లీగ్రాములు తగ్గితే గుండె, మెదడు రక్తనాళాల ప్రమాదాలు అయిదో వంతు తగ్గుతాయని స్టాటిన్ పరీక్షల కూడిక చెబుతుంది. ఈ లెక్కను స్టెరాల్‌కు అన్వయించి చూడవచ్చు. ఎల్‌డీఎల్ 140 ఉన్న వ్యక్తికి పది శాతం అంటే 14 మిల్లీగ్రాములు. దానివల్ల ఆశించగల తగ్గుదల సుమారు ఎనిమిది శాతం. అటువంటివారు వెయ్యిమంది ఉండి, పదేళ్లలో వారిలో 50 మందికి గుండెపోటు రావలసి ఉంటే, వెయ్యిమందీ పదేళ్లపాటు విడవకుండా ఆ మార్జరీన్ తింటే నలుగురు తప్పించుకుంటారు.

ఇది కూడా ఊహించిన లెక్కే, పరీక్షించినది కాదు. ఇంత చిన్న తేడాను పట్టుకోవాలంటే వేల సంఖ్యలో మనుషులను ఏళ్లకేళ్లు గమనించాలి. ఆహారం అమ్మడానికి చట్టం అంత అడగదు. అడగనప్పుడు అంత ఖర్చుకు ఏ సంస్థా పూనుకోదు. మూడో వాక్యం ఖాళీగా మిగిలిపోవడానికి ఇదే కారణం.

దాయాది మీద అనుమానం

ఖాళీగా మిగిలినంత మాత్రాన మేలే జరుగుతుందని అనుకోవచ్చు కదా? పూర్తిగా అనుకోలేకపోవడానికి కారణం 1974లో భట్టాచార్య, కానర్ వర్ణించిన ఒక అరుదైన జబ్బు. ఇద్దరు అక్కచెల్లెళ్లకు కండరాల స్నాయువుల మీద కొవ్వు గడ్డలు కట్టాయి. రక్తంలో కొలెస్ట్రాల్ చూస్తే మామూలుగానే ఉంది, మొక్కల స్టెరాల్‌లు మాత్రం విపరీతంగా ఉన్నాయి. దీనికే సిటోస్టెరాలీమియా అని పేరు. పైన చెప్పిన జంట ప్రోటీన్లలో ఒకటి పనిచేయకపోవడమే దీనికి కారణమని 2000లో తేలింది. ఈ రోగులలో కొందరికి చిన్న వయసులోనే గుండె రక్తనాళాలు పూడుకుపోతాయి.

అరుదైన జబ్బులోని నిజం అందరికీ, కొద్ది మోతాదులో వర్తిస్తుందా అన్నది ప్రశ్న. జర్మనీలోనే దీని మీద ఎక్కువ వాదం నడిచింది. మ్యూన్‌స్టర్‌లో నడిచిన ప్రోకామ్ అధ్యయనం నుంచి 2006లో వచ్చిన విశ్లేషణ, రక్తంలో సిటోస్టెరాల్ ఎక్కువ ఉన్నవారిలో గుండె ప్రమాదాలు ఎక్కువని చెప్పింది. 2008లో వైన్‌గెర్ట్నర్, లాఫ్స్ బృందం స్టెరాల్ తిన్న ఎలుకల రక్తనాళాల పొర పనితీరు చెడిందని చూపింది. దీనికి ఎదురుగా, 17 అధ్యయనాలను కలిపి చూసిన 2012 నాటి సమీక్షలో, రక్తంలోని మొక్కల స్టెరాల్‌కూ గుండెజబ్బుకూ సంబంధం కనిపించలేదు. అక్కడితో వాదం ముగియలేదు. 2020లో ఐస్‌లండ్ పరిశోధకులు, 2022లో లైప్‌జిగ్ పరిశోధకులు జన్యువుల ఆధారంగా చేసిన విశ్లేషణలు, మొక్కల స్టెరాల్ స్వయంగా కొంత హాని చేస్తూ ఉండవచ్చన్న వైపుకే మొగ్గాయి.

వీటిని తూకం వేసేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. జన్యు అధ్యయనాలు పుట్టుకతో శోషణ ఎక్కువైనవారి గురించి చెబుతాయి. మార్జరీన్ తిన్నవారికి అదే జరుగుతుందని వాటి నుంచి నేరుగా తేల్చలేము. మార్జరీన్ ఎల్‌డీఎల్‌ను తగ్గిస్తూ, అదే సమయంలో రక్తంలో మొక్కల స్టెరాల్‌ను కాస్త పెంచుతుంది. త్రాసులో రెండు పళ్లేలూ కదులుతున్నాయి. మొదటి పళ్లెం బరువు ఎక్కువని నమ్మడానికి కారణాలున్నాయి. ఎంత ఎక్కువన్నది ఎవరూ తూచలేదు.

ఈ అనుమానం న్యాయస్థానానికి కూడా వెళ్లింది. దుష్ప్రభావాలకు శాస్త్రీయ సూచన ఏదీ లేదన్న ప్రకటనను ఖండిస్తూ ఫుడ్‌వాచ్ అనే వినియోగదారుల సంస్థ యూనిలీవర్ మీద హాంబుర్గ్ కోర్టులో దావా వేసింది. 2012లోనూ, అప్పీలు మీద 2015లోనూ సంస్థ ఓడిపోయింది. అయితే కోర్టు మార్జరీన్ నిరపాయమని తీర్పు చెప్పలేదు. ఆ ప్రకటన ఒక నిపుణుడి అభిప్రాయమని, అభిప్రాయం చెప్పే స్వేచ్ఛ ఉంటుందని మాత్రమే చెప్పింది. శాస్త్రం తేల్చని ప్రశ్నను న్యాయం పక్కకు జరిపింది.

వెనకవైపు చిన్న అక్షరాలు

డబ్బా ముందువైపు ఆశ, వెనకవైపు జాగ్రత్త. ఐరోపా నియమాల ప్రకారం ఆ వెనకవైపు రాయవలసిన మాటలు కొన్ని ఉన్నాయి. రోజుకు మూడు గ్రాములు మించకూడదు. కొలెస్ట్రాల్ తగ్గించుకోనవసరం లేనివారి కోసం ఉద్దేశించినది కాదు. కొలెస్ట్రాల్ మందులు వాడేవారు వైద్యుల పర్యవేక్షణలోనే తినాలి. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, అయిదేళ్లలోపు పిల్లలకు ఇది తగకపోవచ్చు. కెరొటినాయిడ్‌లు తగ్గకుండా పళ్లు, కూరగాయలు బాగా తినాలి.

ఈ జాబితాను మళ్లీ చదివితే ఇది ఆహారం భాష కాదని తెలిసిపోతుంది. మోతాదు, ఎవరికి, ఎవరికి కాదు, దేనితో కలిపితే ప్రమాదం, ఏది తగ్గిపోతుంది అన్నవి మందు చీటీలోని శీర్షికలు. మందు చీటీకి వెనక ఒక వైద్యుడుంటాడు. ఈ డబ్బా మాత్రం ఇంటిల్లిపాదీ కూర్చునే భోజనాల బల్ల మధ్యన ఉంటుంది. నాన్న కోసం కొన్నది పిల్లవాడి రొట్టె మీదికీ చేరుతుంది. ఎవరెంత తిన్నారో లెక్కపెట్టేవారుండరు. జర్మనీ సమాఖ్య ప్రభుత్వపు ప్రమాద మదింపు సంస్థ, కొలెస్ట్రాల్ మామూలుగా ఉన్నవారు ఇలాంటి ఆహారాలకు దూరంగా ఉండాలని స్పష్టంగానే సలహా ఇచ్చింది.

నిపుణుల సంఘాలు కూడా ఒక్క మాట మీద లేవు. ఇంగ్లండ్‌కు వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ, గుండెజబ్బు నివారణకు స్టెరాల్‌లను సూచించవద్దని 2014లో చెప్పింది. ఐరోపా గుండె వైద్యుల సంఘం 2019లో, మందులు అవసరపడనంత తక్కువ ముప్పు ఉన్నవారికి, మందులతో లక్ష్యం చేరనివారికి, స్టాటిన్ పడనివారికి, వంశపారంపర్యంగా కొలెస్ట్రాల్ ఎక్కువున్న పెద్దలకూ ఆరేళ్లు దాటిన పిల్లలకూ రోజుకు కనీసం రెండు గ్రాముల స్టెరాల్ గురించి ఆలోచించవచ్చని చెప్పింది. ఆధారాలు రెండు సంఘాలకూ ఒకటే. ఒకరు మూడో వాక్యానికి రుజువు అడిగారు. మరొకరు మొదటి రెండు వాక్యాలు సరిపోతాయనుకున్నారు.

తెలుగువాడి కాగితం మీది అంకెలు

కార్ల పరిశ్రమ, సాంకేతిక విశ్వవిద్యాలయం కారణంగా ఇంగోల్‌స్టాట్‌కు భారతీయ ఇంజినీర్లు, విద్యార్థులు వస్తూనే ఉన్నారు. జర్మనీ ఆరోగ్య బీమా ఉన్నవారికి 18 నుంచి 34 ఏళ్ల మధ్య ఒకసారి, 35 దాటాక మూడేళ్లకొకసారి ఉచిత ఆరోగ్య పరీక్ష ఉంటుంది. 35 దాటినవారికి అందులో కొవ్వుల పూర్తి పట్టిక కూడా భాగమే. ఆ కాగితం పట్టుకుని చల్లని అర ముందు నిలబడే తెలుగువాడికి ఈ డబ్బా ఎంత పనికొస్తుంది?

భారతదేశంలో తమిళనాడు, మహారాష్ట్ర, జార్ఖండ్, చండీగఢ్‌లలో జరిగిన ఇండియాబ్ అధ్యయనం 2014లో వెల్లడించిన అంకెలు ఇక్కడ గుర్తుంచుకోదగినవి. ఎల్‌డీఎల్ ఎక్కువగా ఉన్నవారు 11.8 శాతం. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా ఉన్నవారు 29.5 శాతం. మంచి కొలెస్ట్రాల్ తక్కువగా ఉన్నవారు 72.3 శాతం. అంటే అక్కడ ఎక్కువమందిలో కనిపించిన లోపం స్టెరాల్ సరిచేసేది కాదు. మంచి కొలెస్ట్రాల్‌ను స్టెరాల్ పెంచదు, ట్రైగ్లిజరైడ్లను చెప్పుకోదగినంతగా తగ్గించదు. మధుమేహం, రక్తపోటు, పొగతాగడం, నడుం చుట్టుకొలతల మీద దానికి ప్రభావం లేదు. వంశపారంపర్యంగా వచ్చే లైపోప్రోటీన్-ఏ మీదా లేదు. దక్షిణాసియావారికి మొదటి గుండెపోటు వచ్చే సగటు వయసు 53 అని, ఇతర దేశాల వారికి దాదాపు 59 అని ఇంటర్‌హార్ట్ అధ్యయనం తేల్చింది. ఆరేళ్ల తేడా పది శాతం ఎల్‌డీఎల్‌తో పూడేది కాదు.

ఈ చర్చ తెలుగునేలకు కొత్త కూడా కాదు. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో సి. రుక్మిణి బృందం 1980లలోనే తవుడు నూనె మీద పరిశోధించి, అది కొలెస్ట్రాల్‌ను తగ్గిస్తుందని నమోదు చేసింది. నూనెలన్నిటిలో స్టెరాల్‌లు బాగా ఉన్న వాటిలో అదొకటి. వంద గ్రాములకు ఒక గ్రాము పైనే ఉంటాయి. పశువుల కుడితిలో కలిపే తవుడుకు ఫిన్లండ్ మార్జరీన్ కన్నా ముందే ఈ గుణం తెలిసింది. ఆ సంస్థ 2017లో ప్రచురించిన 528 ఆహార పదార్థాల పట్టికలలో మొక్కల స్టెరాల్‌లకు కూడా చోటుంది.

ఇక్కడ కూడా ఆశకు హద్దు గీయాలి. స్టెరాల్‌లకు పేరున్న నువ్వులలో వంద గ్రాములకు సుమారు 400 మిల్లీగ్రాములే ఉంటాయి. రోజుకు రెండు గ్రాములు కావాలంటే అరకిలో నువ్వులు తినాలి. నువ్వుల ఉండలతో ఎల్‌డీఎల్‌ను పది శాతం తగ్గించవచ్చని ఎవరైనా చెబితే అదీ మార్జరీన్ డబ్బా రాత వంటిదే. అలాగని మామూలు తిండిలోని స్టెరాల్‌లు వృథా కావు. 2002లో ఆస్ట్‌లండ్ బృందం మొక్కజొన్న నూనె నుంచి స్టెరాల్‌లను తీసేసి చూస్తే, కొలెస్ట్రాల్ శోషణ సుమారు 38 శాతం ఎక్కువయింది. పప్పులు, గింజలు, నూనెలు, ముడి ధాన్యాలు తమ వంతు చేస్తూనే ఉంటాయి. పీచు, మంచి కొవ్వులు, మాంసకృత్తులు కూడా వాటితో పాటే వస్తాయి. డబ్బా మీద రాయడానికి వీల్లేనంత చిన్న చిన్న మేళ్లు అవి.

ఫుక్స్ పేరుపెట్టిన మొక్క

ఇంగోల్‌స్టాట్‌కు ఈ వాదంతో బీరు శాసనం కంటే దగ్గరి బంధం ఒకటుంది. ఆ ఊరి విశ్వవిద్యాలయం 1472లో మొదలై, 1800లో తరలిపోయింది. అక్కడే 1524లో వైద్యపట్టా పొంది, కొన్నాళ్లు వైద్యం బోధించిన లియోన్‌హార్ట్ ఫుక్స్, 1542లో వెలువరించిన మూలికల గ్రంథంలో అంగుస్తానా ఆకారపు పూలున్న ఒక మొక్కకు డిజిటాలిస్ అని పేరు పెట్టాడు. ఆ మొక్కలోని మందు కూడా స్టెరాయిడ్ జాతిదే, మొక్క తన స్టెరాల్‌ల నుంచి తయారుచేసుకునేదే. విలియం విథరింగ్ 1785లో దాని మోతాదులు, ప్రమాదాలు వివరంగా రాశాక అది వైద్యుల చేతికి వచ్చింది. రెండు శతాబ్దాలు వాడిన తరవాత కూడా వైద్యలోకం దాన్ని నమ్మి వదిలేయలేదు. 6,800 మంది రోగులపై పరీక్షించి 1997లో ఫలితం ప్రకటించింది: డిగాక్సిన్ ఆసుపత్రి చేరికలను తగ్గిస్తుంది, ఆయుష్షును పెంచదు.

ఆ జవాబు ఎవరికీ పూర్తిగా నచ్చేది కాదు. అయినా అది జవాబు. ఇప్పుడు వైద్యుడు డిగాక్సిన్ రాసేటప్పుడు రోగికి ఏం చెప్పాలో, ఏం చెప్పకూడదో తెలుసు. ఇంగోల్‌స్టాట్ పాత అనాటమీ భవనంలో, 1973 నుంచి జర్మనీ వైద్య చరిత్ర ప్రదర్శనశాల నడుస్తోంది. దాని తోటలో మందుమొక్కలు పెంచుతున్నారు. మొక్క నుంచి వచ్చినది కాబట్టి మేలే చేస్తుందన్న మాట అటువంటి తోటలో నిలబడదు. అక్కడ ప్రాణం పోసేవీ తీసేవీ పక్కపక్కనే పెరుగుతాయి.

కాబట్టి ఈ డబ్బా మీద నిషేధం కోరడం అతి అవుతుంది. ఎల్‌డీఎల్ కొద్దిగా ఎక్కువై, మందు అవసరమయ్యేంత ముప్పు లేని మధ్యవయస్కుడు వైద్యుడికి చెప్పి తింటే తప్పేమీ లేదు. స్టాటిన్ పడనివారికి అది చిన్న ఆసరా. అసలు నష్టం వేరే చోట జరుగుతుంది. ఎల్‌డీఎల్ 190 దాటి, తండ్రికి నలభైల్లోనే గుండెపోటు వచ్చిన యువకుడు ‘సహజమైనది’ అన్న మాటకు పొంగి, రాసిచ్చిన స్టాటిన్ బదులు మార్జరీన్ మొదలుపెట్టినప్పుడు ఆ నష్టం మొదలవుతుంది. అతనికి కావలసింది సగానికి తగ్గించే మందు. దొరికింది పదో వంతు తగ్గించే రొట్టె పూత. మూడు వారాల తరవాత కాగితం మీద అంకె కాస్త తగ్గి కనిపిస్తుంది కూడా. డబ్బా మీది రెండు వాక్యాలూ నిజమయ్యాయని అతను సంతోషిస్తాడు.

అటువంటివారి కోసమైనా ముందువైపు మరొక వాక్యం అచ్చు వేయమని అడగడం న్యాయం: ‘దీనివల్ల గుండెపోటు తగ్గుతుందో లేదో ఇంతవరకు పరీక్షించలేదు.’ అందులో అబద్ధం లేదు, భయపెట్టే మాట లేదు. 1516 నాటి శాసనం చెప్పగలిగినంతే చెప్పి ఆగింది. ఈ డబ్బా కూడా తనకు తెలిసినంత చెప్పి, తెలియనిది కూడా చెప్పాలి.